షార్ట్ షిఫ్టర్: గేర్ రాడ్ ప్రయాణం తగ్గితే అసలేం మారుతుంది?

"షార్ట్ షిఫ్టర్ వేయించా, పికప్ అదిరిపోయింది" అంటాడు ఒకాయన. "అది పెట్టావో, ఏడాదిలో గేర్‌బాక్స్ గోవిందా" అంటాడు ఇంకొకాయన. మొదటి మాట పూర్తిగా తప్పు. రెండో దాంట్లో కాస్త నిజం ఉంది కానీ అది నడిపే చేతిని బట్టి ఉంటుంది. ఈ మధ్య పాత మాన్యువల్ కార్లు కొని ముస్తాబు చేసుకునే కుర్రాళ్లు పెరిగారు, దాంతో ఈ గొడవ కూడా పెరిగింది. అందుకే మొదటినుంచి, బడిలో చదివిన లివర్ లెక్క దగ్గర్నుంచి చూద్దాం.

మూడు "షార్ట్"లు, మూడు వేరు సంగతులు

గందరగోళం పేర్లలోనే మొదలవుతుంది. షార్ట్ షిఫ్టర్ అంటే ఒక వస్తువు. గేర్ వేసేటప్పుడు చేతిలోని నాబ్ ముందుకూ వెనక్కూ కదిలే దూరాన్ని తగ్గించే రాడ్డో, దాని అమరికో. ఆ దూరాన్నే "త్రో" అంటారు. షార్ట్ షిఫ్టింగ్ అనేది నడిపే పద్ధతి. ఇంజిన్ బాగా తిరగకముందే, తక్కువ ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే పై గేర్‌కి వెళ్లిపోవడం. మైలేజీ కోసం మన నాన్నలు చేసేది అదే, ఆ పేరు తెలియకుండానే. షార్ట్ గేరింగ్ మళ్లీ వేరు. అది గేర్‌బాక్స్ లోపలి పళ్ల చక్రాల నిష్పత్తి. అది మారితే పికప్, టాప్ స్పీడ్, మైలేజీ అన్నీ మారతాయి.

షార్ట్ షిఫ్టర్ ఆ పళ్ల చక్రాల జోలికే పోదు. కాబట్టి పికప్ పెరిగిందన్నాయన తన చెయ్యి తొందరగా తిరుగుతోందని, బండి తొందరగా పోతోందనుకున్నాడు, అంతే. బైకులకు వచ్చే క్విక్ షిఫ్టర్‌తో కూడా దీనికి చుట్టరికం లేదు. అది గేర్ మార్చే క్షణంలో ఇంజిన్ శక్తిని ఒక్క రెప్పపాటు ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. ఇక ఏఎమ్‌టీ కార్లు, అంటే 2014లో సెలేరియోతో మన దగ్గర మొదలైన రకం ఉన్నవాళ్లు ఈ వ్యాసాన్ని ఇక్కడితో వదిలేయొచ్చు. వాటిలో రాడ్ ఒక స్విచ్ లాంటిది. గేర్ వేసేది యంత్రం, మీ చెయ్యి కాదు.

బోరింగ్ హ్యాండిల్‌లో ఉన్న లెక్క

ఊళ్లో బోరింగ్ కొట్టిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. హ్యాండిల్ పొడవుగా ఉంటుంది, చెయ్యి నడుము దగ్గర్నుంచి తల పైదాకా వెళ్తుంది, అవతల గొట్టంలో కడ్డీ కదిలేది మాత్రం జానెడు కూడా ఉండదు. అందుకే పదేళ్ల పిల్ల కూడా వేలాడి నీళ్లు కొట్టగలుగుతుంది. ఆ హ్యాండిల్‌ని సగానికి కోస్తే చెయ్యి తక్కువ కదిలితే చాలు, కానీ ఆ పిల్ల బరువు ఇక చాలదు.

గేర్ రాడ్ కూడా ఇంతే. మధ్యలో ఒక బాల్ జాయింట్, అదే పివట్. దాని పైన నాబ్ వరకు ఒక పొడవు, దాని కింద గేర్‌బాక్స్‌ని కదిలించే కొస వరకు ఇంకో పొడవు. ఉదాహరణకు, లెక్క సులువుగా ఉండాలని నేను ఎంచుకున్న అంకెలివి, ఏ కారువీ కావు. పైన 300 మిల్లీమీటర్లు, కింద 60. నిష్పత్తి 5. గేర్ పడాలంటే కింది కొస 12 మి.మీ. కదలాలి అనుకుందాం. అప్పుడు నాబ్ 60 మి.మీ. కదలాలి. కింద 10 కిలోల తోపు కావాలంటే చెయ్యి 2 కిలోలు పెడితే చాలు.

ఇప్పుడు నిష్పత్తి 3.75కి దించామనుకోండి. నాబ్ ప్రయాణం 45 మి.మీ.కి తగ్గింది, అంటే 25 శాతం. చెయ్యి పెట్టాల్సిన బలం 2.7 కిలోలకు చేరింది, అంటే 33 శాతం ఎక్కువ. దూరంలో మిగుల్చుకున్నది బలంలో కట్టాలి. ఎంత ఖరీదైన కిట్ అయినా ఈ బేరం తప్పించుకోలేదు. బిల్లెట్ అల్యూమినియం అని రాసినా, నాబ్ మీద ఎర్ర రంగు పూసినా సరే.

ఆర్టీసీ ఎర్రబస్సులో డ్రైవర్ పక్కన నిలువెత్తు గేర్ రాడ్ ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతుంది. పెద్ద గేర్‌బాక్స్, బరువైన చక్రాలు, కింద కావల్సిన తోపు ఎక్కువ. అందుకే ఆ పొడవు. ఆ రాడ్‌ని ముప్పావు వంతుకి కోసి ఇస్తే ఆయన రోజుకి రెండు ట్రిప్పులు కూడా వేయలేడు.

కోయడం, పొడిగించడం, పివట్‌ని పైకి లేపడం

నిష్పత్తి తగ్గించడానికి దారులు మూడు, చాలామంది మూడూ ఒకటే అనుకుంటారు.

మొదటిది చవకైనది. రాడ్ పైభాగం కోసేసి, మళ్లీ మర వేసి, నాబ్ బిగించడం. 300 కాస్తా 225 అయితే నిష్పత్తి 3.75. లెక్క సరిపోయింది. కానీ నాబ్ ఏడున్నర సెంటీమీటర్లు కిందికి పోయింది, సీట్లో ముందుకు వంగి వెతుక్కోవాలి. రింగ్ పైకి లాగితే రివర్స్ పడే బండ్లలో ఆ రింగ్‌ని మోసే తీగో గొట్టమో రాడ్ వెంటే ఉంటుంది, దాన్నీ కోసినట్టే. ఇంకో సంగతి, రాడ్ తిరిగే కోణం ఇక్కడ ఏమీ తగ్గదు. ముందు ఎంత వాలేదో ఇప్పుడూ అంతే వాలుతుంది, సుమారు 11 డిగ్రీలు, పొట్టి కర్ర కాబట్టి కొస తక్కువ దూరం వెళ్తుంది, అంతే.

రెండోది కింది భాగం పొడిగించడం. 60ని 80 చేస్తే అదే 3.75 వస్తుంది, నాబ్ ఉన్నచోటే ఉంటుంది, కోణం ఎనిమిదిన్నర డిగ్రీలకు తగ్గుతుంది. చేతికి ఇది నిజంగా వేరేగా తెలుస్తుంది. మణికట్టుతో తిప్పినట్టుంటుంది, మోచెయ్యి కదలదు. కాకపోతే కింద ఆ 20 మి.మీ.కి చోటు ఉండాలి, ఎక్కడా తగలకూడదు.

మూడోది పివట్‌నే పైకి జరపడం. ఇది చూడ్డానికి చిన్న మార్పు, ఫలితం మాత్రం పెద్దది, ఎందుకంటే ఒకేసారి పైన తగ్గి కింద పెరుగుతుంది. మొత్తం 360 మి.మీ. రాడ్‌లో పివట్ 15 మి.మీ. లేస్తే పైన 285, కింద 75. నిష్పత్తి 3.8. ఒకటిన్నర సెంటీమీటరుకి దాదాపు పావువంతు త్రో పోయింది. మంచి కిట్లు ఎక్కువగా రెండో పద్ధతినో, మూడో పద్ధతినో, రెండూ కలిపో వాడతాయి.

రాడ్ దేనికి తగిలించి ఉందన్నదే సగం సంగతి

అంబాసిడర్ పాత మోడళ్లలో గేర్ స్టీరింగ్ కింద ఉండేది, గుర్తుందా? అక్కడి నుంచి గేర్‌బాక్స్ దాకా కడ్డీలు, కీళ్లు. ఆ కీళ్లు అరిగాక రెండో గేర్ ఎక్కడుందో ఆ బండి డ్రైవర్‌కి తప్ప ఇంకెవరికీ దొరికేది కాదు.

జిప్సీ, థార్ లాంటి బండ్లలో గేర్‌బాక్స్ బండి పొడవునా అమరి, డ్రైవర్ పక్కకే వస్తుంది కాబట్టి రాడ్ దాదాపు నేరుగా దాంట్లోకే దిగుతుంది. 1989లో వచ్చిన మాజ్డా ఎమ్ఎక్స్-5 అనే స్పోర్ట్స్ కారుని షిఫ్టింగ్ కోసమే ప్రేమించేవాళ్లున్నారు. అదీ ఈ కుటుంబమే. ఇంజిన్ ముందు, వెనక చక్రాలకు శక్తి, రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీద. మధ్యలో ఏమీ లేదు కాబట్టి గేర్ పడే "టక్" చేతికి తెలుస్తుంది. (ఇంజిన్ వణుకు కూడా తెలుస్తుంది, అది వేరే సంగతి.)

మన రోడ్ల మీది ఇప్పటి హ్యాచ్‌బ్యాక్‌లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్స్ బానెట్ కింద ఓ పక్కన ఉంటుంది, రాడ్ మీ పక్కన ఉంటుంది. ఆ రెంటినీ కలిపేవి రెండు కేబుళ్లు. ఒకటి ముందుకూ వెనక్కూ కదలడానికి, ఇంకొకటి ఎడమకూ కుడికీ వరుస ఎంచుకోవడానికి. ఇక్కడ మార్పు రెండు చివర్లలో ఎక్కడైనా చేయొచ్చు. గేర్‌బాక్స్ చివర ఉదాహరణ చూద్దాం: అక్కడి చిన్న లివర్ 60 మి.మీ., కేబుల్ 20 మి.మీ. లాగితే గేర్ పడుతుంది. కేబుల్ పిన్నుని 48 మి.మీ. దగ్గరికి జరిపితే 16 మి.మీ. లాగితే చాలు. 20 శాతం తగ్గింది. కానీ కేబుల్ మీద లాగుడు 25 శాతం పెరిగింది. కేబుల్ ఇనుప కడ్డీ కాదు, కాస్త సాగుతుంది, దాని పైతొడుగు కాస్త నొక్కుకుంటుంది. అందుకే కొన్ని కేబుల్ కార్లలో త్రో తగ్గించాక "పొట్టిగా ఉంది కానీ రబ్బరులా ఉంది" అంటారు. ఆ మాట నిజమే, వాళ్ల భ్రమ కాదు.

ఆ గేర్‌బాక్స్ లివర్ మీద కొన్ని కార్లలో ఒక బరువైన ఇనుప ముద్ద ఉంటుంది. చూస్తే అనవసరంగా పెట్టినట్టుంటుంది. అది కదలడం మొదలయ్యాక తన ఊపుతో గేర్‌ని మెత్తగా లోపలికి తీసుకెళ్తుంది. ముద్ద లేని లివర్ వేస్తే గేర్ పడటంలో ఆ నునుపు పోయి గతుకుగతుకుగా తగులుతుంది.

లోపల జరిగేది: ఇక్కడే లెక్క తిరగబడుతుంది

గేర్ "పడటం" అంటే పళ్ల చక్రాలు కొత్తగా వచ్చి కలవడం కాదు. ముందుకు నడిపే గేర్లలో అవి ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఏ చక్రం షాఫ్ట్‌తో పాటు తిరగాలో తేల్చేది ఒక స్లీవ్, అంటే షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మీద జారే కడియం. గేర్ రాడ్ కదిలించే ఫోర్క్ దాన్ని పక్కకు తోస్తుంది. తోసేలోపు స్లీవ్ వేగం, చక్రం వేగం ఒకటి కావాలి. ఆ పని సింక్రోనైజర్ రింగ్‌ది, చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగ్. అది శంకువు ఆకారపు అంచు మీద రుద్దుకుంటూ, ఓ బుల్లి బ్రేకులా వేగాలను సమం చేస్తుంది. సమం అయ్యేదాకా స్లీవ్‌ని అడ్డుకుంటుంది. మీ చేతికి తగిలే ఆ అర క్షణం ప్రతిఘటన అదే.

ఎంత తేడాని సమం చేయాలి? రెండో గేర్ నిష్పత్తి 1.9, మూడోది 1.3 అనుకుందాం. 4000 ఆర్‌పీఎమ్ దగ్గర రెండు నుంచి మూడుకి మారితే కొత్త వేగం 4000 × 1.3 ÷ 1.9, అంటే సుమారు 2740. క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్ట్, దానితో తిరిగే చక్రాలు అన్నీ 1260 ఆర్‌పీఎమ్ దిగాలి. ఆ దింపే పని రింగ్ చేయాలి. ఎంతసేపట్లో చేస్తుందన్నది దాన్ని ఎంత గట్టిగా నొక్కామన్న దాని మీద ఉంటుంది. బ్రేక్ గట్టిగా నొక్కితే బండి తొందరగా ఆగినట్టే.

ఇక్కడ ఆగి చూడండి. పాత రాడ్‌తో చెయ్యి 2 కిలోలు పెడితే కింద 10 కిలోలు. కొత్త రాడ్‌తో అదే 2 కిలోలు పెడితే కింద ఏడున్నరే. రింగ్ మీద నొక్కుడు తగ్గింది. పాతదాంట్లో సమం కావడానికి 0.2 సెకను పట్టిందనుకుంటే, కొత్తదాంట్లో 0.27 దాకా పడుతుంది. మరి ప్రయాణంలో ఎంత ఆదా? రెండు నుంచి న్యూట్రల్, న్యూట్రల్ నుంచి మూడు, మొత్తం 120 మి.మీ. ఉన్నది 90 అయింది. చెయ్యి సెకనుకి అర మీటరు వేగంతో కదిలితే 0.24 సెకను కాస్తా 0.18. ఆదా 0.06. పోగొట్టుకున్నది 0.07.

అంటే చేతి బలం పెంచకుండా షార్ట్ షిఫ్టర్ వాడితే మొత్తం గేర్ మార్పు సమయం దాదాపు అక్కడికక్కడే. ఆ 0.06 సెకను నిజంగా దక్కాలంటే 2.7 కిలోలు పెట్టాలి. అలా పెట్టినా సున్నా నుంచి వంద వరకు రెండు గేర్ మార్పులుంటే మిగిలేది 0.12 సెకను. పైగా ఇప్పటి చాలా పెట్రోల్ ఇంజిన్లలో యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎమ్ వెంటనే దిగదు, కాలుష్య నియమాల కోసం అలా మెల్లగా దింపుతారు. చెయ్యి ముందే చేరి ఇంజిన్ కోసం ఎదురు చూడాల్సి వస్తుంది.

సమయం కోసం కాకపోతే మరి దేనికి? అనుభూతికి. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రోజూ వందలసార్లు చేసే పని చేతికి నచ్చేలా ఉండాలనుకోవడంలో తప్పేముంది, మంచి కలం కోసం పదిసార్లు షాపు మార్చే వాళ్లని ఎవరూ ఏమీ అనరు కదా.

గేర్‌బాక్స్ పాడవుతుందా? రెండు పక్షాల మాటా వినాలి

పాడవుతుందనే వాళ్ల వాదన: చెయ్యి అదే వేగంతో కదిలినప్పుడు కింద స్లీవ్ 33 శాతం వేగంగా వెళ్లి రింగ్‌ని గుద్దుతుంది. అదీకాక ఈ కిట్ వేసుకున్నవాడు మెల్లగా నడపడానికి వేసుకోడు. రింగ్ అరుగుతుంది, మూడో గేర్‌లో కర్రుమని చప్పుడు మొదలవుతుంది.

పాడవదనే వాళ్లది: ఫోర్క్ కదిలే దూరం మారలేదు, రింగ్ చేయాల్సిన పని మారలేదు. అదే 1260 ఆర్‌పీఎమ్, అదే వేడి. పైగా రాడ్ ద్వారా వచ్చే ప్రతిఘటన చేతికి ఇప్పుడు ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి జాగ్రత్తపరుడు ఇంకా జాగ్రత్త పడతాడు.

నాకైతే రెండూ సబబుగానే కనిపిస్తాయి, ఎందుకంటే రెండు పక్షాలూ మాట్లాడుతున్నది వేరు వేరు చేతుల గురించి. పని ఒకటే అయినా, క్లచ్ పూర్తిగా నొక్కకుండా లాగేవాడి చేతిలో ఏ రాడ్ ఉన్నా రింగ్ అరుగుతుంది. పాత రాడ్ పొడవు అతని తొందరని కొంత మింగేసేది, ఇప్పుడు మింగదు. ఇప్పటికే రింగులు అరిగిన బండి అయితే షార్ట్ షిఫ్టర్ ఆ రోగాన్ని పుట్టించదు, బయటపెడుతుంది.

గేటు ఇరుకైతే వచ్చే టెన్షన్

త్రో అంటే ముందువెనకల దూరం. ఒకటి-రెండు వరుస నుంచి మూడు-నాలుగు వరుసకి పక్కకి జరిగే దూరం వేరు, దాన్ని గేటు అంటారు. రాడ్ కోసినా పివట్ లేపినా ఈ రెండో దూరం కూడా తగ్గుతుంది. కేబుల్ కార్లలో ఒక్క షిఫ్ట్ కేబుల్ లివర్ మాత్రమే మారిస్తే గేటు ముట్టుకోనట్టే.

ఇరుకైన గేటులో భయం ఒకటే. ఐదు నుంచి నాలుగుకి లాగబోయి చెయ్యి ఇంకాస్త ఎడమకి పోతే రెండు పడుతుంది. ఐదో గేర్ 0.78, రెండోది 1.9 అనుకుంటే, 3500 ఆర్‌పీఎమ్ దగ్గర ఈ తప్పు జరిగితే క్లచ్ వదిలాక ఇంజిన్ తిరగాల్సిన వేగం 8500 పైమాటే. మామూలు పెట్రోల్ ఇంజిన్ ఎర్రగీత, అంటే దాటకూడని వేగం, ఆరువేల పైచిలుకు. ఇంజిన్ ఆ హద్దు దాటకుండా చూసే లిమిటర్ ఇక్కడ కాపాడలేదు, అది పెట్రోల్ ఆపగలదు కానీ చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతుంటే ఆపలేదు. దీనికి కార్ల పిచ్చోళ్లు పెట్టుకున్న పేరు "మనీ షిఫ్ట్". పేరెందుకో బిల్లు చూస్తే తెలుస్తుంది.

కంపెనీలు ఎందుకు పొడవుగానే ఇస్తాయి

పిసినారితనం కాదు. ఒకే కారుని పాతికేళ్ల కుర్రాడు, అరవై దాటిన ఆయన, మణికట్టు నొప్పున్న ఆవిడ నడపాలి. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో గేర్ ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు కూడా మొదటి గేర్ పడాలి. రాడ్ కీళ్ల దగ్గరుండే బుష్‌లు (చిన్న తొడుగులు) మెత్తటి రబ్బరుతో చేసేదీ ఇంజిన్ వణుకు చేతికి రాకూడదనే. హోండా ఎస్2000 లాంటి స్పోర్ట్స్ కార్లలో ఫ్యాక్టరీ నుంచే పొట్టి త్రో వచ్చిందంటే, అది కొనేవాళ్లెవరో కంపెనీకి తెలుసు కాబట్టి.

చట్టం మాట కూడా ఒకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. గేర్ రాడ్ పొడవు ఆర్సీలో ఉండదు, కాబట్టి ఇంజిన్, బాడీ మార్పులంత నేరుగా ఇది ఆ సెక్షన్‌లోకి రాదు. అలాగని అనుమతి ఉందని రాసిన కాగితమూ లేదు. వారంటీ వేరే తలనొప్పి. గేర్‌బాక్స్ ఫిర్యాదుతో వెళ్లినప్పుడు అక్కడ బయటి కిట్ కనిపిస్తే వాళ్ల చేతికి కారణం దొరికినట్టే.

లూజుని పొడవనుకోవడం

చాలామంది "నా బండి త్రో చాలా పొడవు" అనేది నిజానికి పొడవు కాదు, లూజు. బుష్‌లు అరిగి కింద ఒకటిన్నర మి.మీ. లూజు వచ్చిందంటే, నిష్పత్తి 5 కాబట్టి పైన ఏడున్నర మి.మీ. ఊగుతుంది. గేర్‌లో ఉన్నా రాడ్ పక్కకి ఊగుతుంటే సంగతి ఇదే. అదే బండికి 3.75 నిష్పత్తి కిట్ వేస్తే ఆ ఊగుడు 5.6కి తగ్గుతుంది, కాబట్టి బాగుపడినట్టే అనిపిస్తుంది. పైగా చాలా కిట్లతో పాటు కొత్త బుష్‌లు వస్తాయి. మార్పు తెచ్చింది బుష్, పేరు వచ్చింది రాడ్‌కి.

నేను కూడా ఆ వలలో సగం పడ్డవాణ్ణే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా హ్యాచ్‌బ్యాక్‌లో మూడో గేర్ వేయాలంటే గ్లవ్ బాక్స్ దాకా చెయ్యి చాచినట్టుండేది. కిట్ ఆర్డర్ పెట్టబోతుంటే మా మెకానిక్ అన్న, "ముందు ఆ బుష్ చూడనీ తమ్ముడూ" అని రాడ్ కింద రబ్బరు తొడుగు విప్పాడు. లోపల బుష్ అనే వస్తువు లేదు, దాని పొడి ఉంది. కొత్తది వేశాక స్కేలు పట్టుకుని కూర్చుని కొలిచాను. న్యూట్రల్ నుంచి మూడుకి ఆరున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు అది నాకు పొడవుగా అనిపించడం లేదు. ఆర్డర్ పేజీ ఇంకా ఫోన్‌లో తెరిచే ఉంది, ఎందుకు మూయలేదో నాకే తెలియదు.